ఖాళీ గొట్టానికి ఇనాం

మే నెల, మంగళవారం. పొద్దున్నే వడగాలి మొదలైంది. కూలరు గడ్డి తడకలు ఊడదీసి, వాకిట్లో బండ మీద పరిచి, పాత బ్రష్షుతో రుద్ది కడిగాను. ఒక తడక పూర్తిగా గట్టిపడిపోయింది, కొత్తది తేవాలి. చేతులు తుడుచుకుంటుండగా కడప నుంచి ఫోను వచ్చింది.

ఫోను చేసింది ఒకప్పుడు మా మిల్లు ల్యాబులో పనిచేసిన మేడమ్ భర్త. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. టికెట్టు చింపి ఇచ్చినట్టు మాట్లాడతాడు.

"మీ మేడమ్ పోయిందప్పా. తెల్లారేలోపలే. గుండెలో నొప్పి అనింది, నీళ్ళు అడిగింది, అంతే."

ఆయనే మళ్ళీ, "రేపు పొద్దున ఎత్తేస్తాం. ఈ ఎండలో అంత దూరం నువ్వేం రావద్దులే. మిల్లులో చెప్పాల్సినోల్లకు చెప్పు, సాలు" అని పెట్టేశాడు.

చెప్పాల్సిన వాళ్ళు ఎవరు? దారి పొడుగునా అదే ఆలోచించుకుంటూ మిల్లుకు వచ్చాను.

నేను కర్నూలు ఊరి బయట ఒక నూనె మిల్లులో స్టోరు గుమస్తాను. బడిలో చదువుకున్నది తక్కువ. జమాఖర్చులు నాకు నేనే నేర్చుకున్నాను. ప్రతిరోజూ లెక్క రాసుకుంటాను, ఇంటిదీ, స్టోరుదీ. మనుషుల గురించి రాసే అలవాటు లేదు. ఈ రోజు మాత్రం స్టోరు బల్ల మీద వేరే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మేడమ్ అంటే మా మిల్లు ల్యాబులో నీళ్ళ పరీక్షలు చేసిన మేడమ్. ఆమె ఏం చేసిందో ఇప్పుడు మిల్లులో ఉన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసిన వాళ్ళు మరిచిపోయారు, లేదా మరిచిపోవడం సుఖమనుకున్నారు.

ఆమె పని అర్థం కావాలంటే మా మిల్లులో ఒక యంత్రం గురించి చెప్పాలి. గింజల్లోంచి నూనె చివరి బొట్టు దాకా తీయడానికి మేము ఒక ద్రావకం వాడతాం. పెట్రోలులాగా మండే సరుకు, ఖరీదైనది. నూనెలోంచి దాన్ని ఆవిరిగా లేపి, మళ్ళీ చల్లబరిచి ద్రవంగా పట్టుకుంటాం. ఆ చల్లబరిచే యంత్రం కండెన్సరు. పడుకోబెట్టిన ఇనుప పీపాలాగా ఉంటుంది. లోపల వందల సన్న గొట్టాలు. గొట్టాల్లో చల్లనీళ్ళు, గొట్టాల చుట్టూ వేడి ఆవిరి. ఇనుము గోడ పలచగా, శుభ్రంగా ఉన్నంతవరకు వేడి ఇటునుంచి అటు పోతుంది. కానీ మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు వేడెక్కిన చోటల్లా అది గొట్టం లోపల పొరగా అంటుకుంటుంది. గోరంత మందం చాలు, వేడి దాటదు. చల్లబడని ఆవిరి పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోతుంది. పోయినంత మళ్ళీ కొనాలి. కింద బాయిలరులో ఊక ఎక్కువ తగలబెట్టాలి. ఇదంతా ఎవరికీ కనబడకుండా జరుగుతుంది.

మేడమ్ చేరిన మొదటి రోజు నాకు గుర్తుంది. స్టోరుకు వచ్చి గాజు గ్లాసు, స్టీలు గంటె అడిగింది. కూలింగ్ టవరు నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. తరువాత గంటెలో పోసి టీ కాచే పొయ్యి మీద ఆవిరి చేసింది. గంటె అడుగున తెల్లటి పొర మిగిలింది. దాన్ని నా ముందుకు చాచింది.

"ఇదేందప్పా, నీళ్ళా మజ్జిగా? ఇవే మూడు పూటలా తాపుతాండారా ఆ కండెన్సరుకు?"

"అవే మేడమ్."

"ఇంగ అది ఎట్ల బతుకుతాండాదో!"

పొగడటం ఆమెకు రాదు. పొద్దున ఎదురుపడితే నమస్కారం ఉండదు. ఆపరేటరు ముందు నిలబడి "ఎంత?" అనేది. నీళ్ళు లోపలికి పోయే దగ్గర వేడి ఎంత, బయటికి వచ్చే దగ్గర ఎంత అని ఆ ప్రశ్నకు అర్థం. అతను చెప్పేలోపలే తను రెండు గొట్టాల మీదా మణికట్టు వెనక భాగం ఆనించి చూసేది. థర్మామీటరు తరువాత. ఎవరైనా చూడకుండా నోటికొచ్చిన అంకె చెబితే, "మీ ఇంట్లో జొరమొచ్చినా ఇట్లనే చెప్తావా డాక్టరుకు?" అనేది. అందువల్ల ఆమెను ఇష్టపడిన వాళ్ళు తక్కువ. మధ్యాహ్నం స్టోరు గడప మీద కూర్చుని సద్దన్నం, ఊరిబిండి పచ్చడి తినేది. నాకు కూడా ఒక ముద్ద పెట్టేది, అడక్కుండానే. తినేటప్పుడు మాత్రం కోపం ఉండేది కాదు.

మా మిల్లులో ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజకు మిల్లు ఎలాగూ ఆగుతుంది కాబట్టి, పూజ ముందే కండెన్సరు మూతలు విప్పి గొట్టాలు కడిగేవాళ్ళు. ఆ పని మద్దిలేటి మేస్త్రి ముఠాది. పొడుగాటి ఇనుప కడ్డీలతో ఒక్కొక్క గొట్టాన్నీ పొడిచి, సున్నపు పెచ్చులు రాల్చేవాళ్ళు. రాలిందంతా ఆఫీసు ముందు పట్ట మీద కుప్ప పోసేవాళ్ళు. కుప్ప మీద పసుపు, కుంకుమ, నిమ్మకాయ. పండగ పూట యజమాని కుటుంబంతో వచ్చి, ముందు యంత్రాలకు హారతి పట్టి, తరువాత ఆ కుప్ప దగ్గర నిలబడేవాడు. చేత్తో కొన్ని పెచ్చులు తీసి పిల్లలకు చూపించేవాడు. కుప్పను బట్టి ఇనాం. కుప్ప పెద్దదైతే ముఠావాళ్ళ ఇళ్ళకు కొత్త గుడ్డలు, బిరియాని. అందరూ సంతోషంగా ఉండేవాళ్ళు. అంత సున్నం తీశారంటే అంత పని చేసినట్టే కదా అని యజమాని లెక్క. దాంట్లో తప్పుందని నాకు కూడా అప్పటిదాకా తోచలేదు.

మేడమ్ వచ్చాక నీళ్ళు మారాయి. బోరు నీళ్ళను మెత్తబరిచే తొట్టి పెట్టించింది. దానికి నెలనెలా ఉప్పు బస్తాలు. సున్నం అంటుకోకుండా టవరు నీళ్ళలో కలిపే మందు డబ్బాలు. చిక్కబడిన నీళ్ళను కొంత రోజూ పారబోయించేది. ఎండాకాలంలో నీళ్ళు పారబోస్తుంటే యజమానికి ప్రాణం పోయినట్టుండేది. అయినా మొదట్లో ఒప్పుకున్నాడు. చదువుకున్నామె చెబుతోంది, చూద్దాం అన్నాడు. ఒకసారి స్టోరులోనే ఆమెను అడిగాడు.

"ఇంత ఖర్చు పెడ్తాండాం గదమ్మా. ఇంగ ఒక్క చుక్క సున్నం గూడా పట్టగూడదు. సున్నా గావాల నాకు."

"సున్నా అడగొద్దు సార్. సున్నాకు శానా ఖర్చయితాది. మందు మితం దాటినా దండగే. ఊరికూరికే యాసిడ్డేసి కడిగినా గొట్టం అరుగుతాది, మిల్లు ఆగుతాది. కొంచెం పట్టనీండి. పట్టినదాని నష్టం కడిగే ఖర్చును దాటేటప్పుడు నేనే చెప్తా, అప్పుడు ఆపి కడగండి."

"అంటే పండక్కు గాదా?"

"సున్నానికి పండగలు తెల్దు సార్."

యజమాని నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ సంవత్సరం దసరాకు మూతలు విప్పితే గొట్టాలు లోపల నల్లగా, నునుపుగా ఉన్నాయి. కడ్డీలు అడ్డం లేకుండా అవతలికి వచ్చాయి. రాలింది ఒక గంపకు సరిపోయింది. ఆ గంపెడు కుప్ప మీద పసుపు కుంకుమ చల్లితే చిన్న పిల్లల ఆటలాగా కనిపించింది. యజమాని పట్ట ముందు నిలబడి, "ఏం మద్దిలేటీ, ఈ తూరి ముఠా నిద్ర పోయిందా?" అన్నాడు. ఇనాం కూడా గంపకు తగ్గట్టే ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం మద్దిలేటి ల్యాబు ముందుకు వచ్చి గట్టిగా అన్నాడు. అతనిది ఆలూరు వైపు ఊరు, మాట గట్టిది.

"మేడమ్మా, నీ మందు బాగ పనిచేస్తాండాది. గొట్టాల్లో సున్నం పోయింది, మా జేబుల్లో దుడ్లు పోయినాయి. రెండూ ఒకే తూరి కడిగేసినావ్ పో!"

ముఠా అంతా నవ్వింది. మేడమ్ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. చేతులు కడుక్కుని తిన్నగా ఆఫీసు గదిలోకి పోయింది. నేను సంతకం కోసం లోపల ఉన్నాను కాబట్టి ఆ మాటలు విన్నాను.

"సార్, ఇనాం కుప్పకు గాదు, ఖాళీ గొట్టానికి ఇయ్యండి. ఈ ఏడాది కొన్న ద్రావకం, కాల్చిన ఊక ఎంత తగ్గిందో సూడండి. తగ్గినదాంట్లోంచి కొంచెం ముఠాకు నెలనెలా జీతంలో కలపండి. అప్పుడు వాల్లే నీళ్ళు సూసుకుంటారు, నేను అరిసే పనుండదు."

యజమాని ఆమెను నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఖాళీకి ఎవరన్నా ఇనాం ఇస్తారామ్మా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే నాకు ఇప్పటికీ చేదుగా ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. కంటికి కనిపించిన దానికి దండిగా ఇస్తాడు. కనిపించనిది ఆయనకు లేదు. నేను లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, నా లెక్కల్లో కూడా దానికి చోటు లేదు. ఉప్పు బస్తా కొంటే ఖర్చులో పడుతుంది. మందు డబ్బా వస్తే ఖర్చులో పడుతుంది. ఆ డబ్బా వల్ల పోకుండా ఆగిన సరుకును ఏ గడిలో రాయాలో నాకు ఎవరూ చెప్పలేదు.

మరుసటి దసరాకు గంప కూడా నిండలేదు. అడుగున దోసెడు. యజమాని ఈసారి పిల్లలకు చూపించడానికి ఏమీ లేక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పూజ అయ్యాక మేడమ్‌ను పిలిచాడు.

"రోగం లేని మనిషికి నెలనెలా మందులెందుకమ్మా?"

"మందు తింటాండాడు కాబట్టే రోగం లేదు సార్."

"అది మీరు అంటాండారు. ఆపి సూస్తే గదా తెలిసేది."

"ఆపి సూడొచ్చు సార్. వచ్చే పండక్కు మీ కుప్ప మీకొస్తాది. కానీ ఆ కుప్పకు మీరెంత ఇచ్చింటారో మీకు తెలీదు."

ఆయన ఆపేశాడు. మందు ఆర్డరు రద్దు చేయమని నాకు చీటీ వచ్చింది. ఉప్పు బస్తాలు కూడా వద్దన్నారు. మెత్తబరిచే తొట్టి పక్కన పడింది, దాని మీద గోనెసంచులు ఆరేసుకున్నారు. ఆ నెల మిల్లు ఖర్చు తగ్గిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. తగ్గిన మాట నిజమే.

ఆ ఏడాది ఆమె ఎలా గడిపిందో చూసినవాణ్ణి నేను. రోజూ అదే పని, అదే ప్రశ్న. "ఎంత?" అని అడిగేది, మణికట్టు ఆనించేది, రాసుకునేది. చేసేందుకు ఏమీ లేదు, అయినా చూసేది. నీళ్ళు వచ్చే గొట్టం, పోయే గొట్టం మధ్య వేడి తేడా నెలనెలా తగ్గిపోయింది. ఎండాకాలం వచ్చేసరికి పొగగొట్టం కింద నిలబడితే ద్రావకం వాసన ముక్కుకు తగిలేది. నిప్పు తగిలితే మిల్లు మిగలదు. ఆమె పోయి చెప్పింది. బీడీలు కాల్చవద్దని గోడ మీద రాయించారు. అంతే. ఆమె స్టోరు గడప మీద కూర్చుని అన్నం కలుపుతూ, "నేను ఈడ ఏం పని చేస్తాండానప్పా?" అని అడిగింది. కోపంగా కాదు. నీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాను.

దసరా వచ్చింది. మూతలు విప్పితే కొన్ని గొట్టాల్లో కడ్డీ దిగనే లేదు. సుత్తి పెట్టి కొట్టాల్సి వచ్చింది. ముఠా పగలంతా పొడిచింది. పట్ట చాలక ఇంకో పట్ట తెచ్చారు. కుప్ప నడుమెత్తు లేచింది. యజమాని వచ్చి చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. పెద్ద పెచ్చు ఒకటి తీసి మనవడి చేతికి ఇచ్చి, "సూడురా, మనోల్లు ఎంత కష్టపడినారో!" అన్నాడు. ఇనాం ఎప్పుడూ లేనంత ఇచ్చాడు. మద్దిలేటికి శాలువ కప్పాడు. చప్పట్లు కొట్టారు.

మేడమ్ వెనక వరసలో నిలబడి ఉంది. చప్పట్లు ఆగాక ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"సార్, ఇది మీ ఊక. ఇది మీ ద్రావకం. మీ దుడ్డే కుప్ప పోసి దానికి కుంకుమ పెట్టినారు."

యజమాని భార్య హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. యజమాని శాంతంగానే, "పండగ పూట ఏం మాటమ్మా అది?" అన్నాడు. రెండు రోజుల తరువాత ఆఫీసు నుంచి ఆమెకు కబురు వచ్చింది. నీళ్ళ పరీక్షలు ఇకనుంచి బయట చేయించుకుంటాం, నెలాఖరు దాకా వస్తే చాలు అని.

చివరి రోజు ఆమె ల్యాబు గాజు సామానంతా కడిగి బోర్లించి, నాకు లెక్క చూపించి సంతకం పెట్టించుకుంది. ఒక్క బీకరుకు అంచు పగిలి ఉంటే, "ఇది నేను రాకముందే పగిలింది, రాసుకో" అంది. మిల్లు ముందు బస్సు స్టాపు దాకా నేను సంచి మోశాను. అక్కడికి మద్దిలేటి వచ్చాడు. శాలువ లేదు, మామూలు తువ్వాలుతోనే ఉన్నాడు.

"మేడమ్మా, నేను సారుకు నీ మీద చెప్పలేదమ్మా. ప్రమాణం. మా పిల్లోల్ల గుడ్డలు ఆ కుప్పలోంచే వస్తాండాయి. నేనేం జేయాల?"

"నువ్వేం జేస్తావప్పా. నీ ఇనాం జీతంలో కలపమని నేను అడిగినా. ఆయన ఇయ్యలే."

మద్దిలేటి నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "ఎప్పుడడిగినావమ్మా? మాకెవురూ చెప్పలేదే!"

"చెప్తే ఏం జేసిందువు? నన్ను ఎగతాళి జేసేది ఆపిందువా?"

"ఆపిందునో లేదో గానీ, కొంచెం తగ్గించిందును" అన్నాడు మద్దిలేటి. ఆమె అప్పుడు నవ్వింది. మిల్లులో ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ. నవ్వు ముగిసేలోపలే కడప బస్సు వచ్చింది.

ఆ తరువాత సంగతి క్లుప్తంగా రాస్తాను. సున్నం కింద ఇనుము గుంటలు పడింది. గింజలు దండిగా వచ్చే రోజుల్లో గొట్టాలు కారాయి, నీళ్ళు ద్రావకంలో కలిశాయి, మిల్లు నిలిచిపోయింది. ఆవరణలో బస్తాలు ముక్కిపోయాయి. గొట్టాలన్నీ మార్పించారు. పాత గొట్టాలు అమ్మినవాడు నాసిరకం అంటగట్టాడని యజమాని ఇప్పటికీ చెబుతాడు. మేడమ్ మాట ఎవరూ తలచలేదు. ఆమె గెలిచిందని రాయడానికి నాకు మనసు రావడం లేదు. కడపలో మంచినీళ్ళ క్యాన్లు నింపే చోట తక్కువ జీతానికి పనిచేసేది. నేను ఎప్పుడైనా ఫోను చేస్తే, "కండెన్సరు ఎట్లుండాది?" అని అడిగేది, ఒక మనిషిని అడిగినట్టు. గొట్టాలు మార్చారని చెబితే, "అయ్యో" అని మాత్రం అంది.

కొత్త గొట్టాలు వేశాక కడిగే పనిని బయటి కాంట్రాక్టరుకు ఇచ్చారు. వాళ్ళు లారీలో పంపు తెచ్చి, బలంగా నీళ్ళు కొట్టి, సున్నాన్ని కాలవలోకి తోసి పోతారు. కుప్ప లేదు, ఇనాం లేదు. ముఠా చెదిరిపోయింది. మద్దిలేటి ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్.

ఈ రోజు ముందు అతనికే చెప్పాను. తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆయమ్మ మాట ఇనింటే ఈపొద్దు గేటు కాడ కూసోని ఉండను" అన్నాడు. తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకుంటూ, "ఆయమ్మ కోసం అంటాండానా, నా కోసం అంటాండానా, నాకే తెల్దప్పా" అన్నాడు.

తరువాత యజమానికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నిజంగానే బాధపడ్డాడు.

"పాపం, మంచామె. నోరు కొంచెం దురుసు గానీ, మంచామె. ఆమె ఉన్నన్నాళ్ళు కండెన్సరు ఒక్క తూరి గూడా తిప్పలు పెట్టలేదు సూడు. అదృష్టవంతురాలు. ఆమెకు పనే తక్కువుండె."

నేను అక్కడే నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, "పోయి రాప్పా కడపకు, సాయంత్రం బస్సుకు. పోయేలోపల నోటీసు బోర్డు మీద రాసి పో. మన మిల్లుకు శానా సేవ జేసినారు అని రాయి. ఏం సేవనో గూడా ఒక ముక్క రాయి, కొత్తోల్లకు తెల్దు గదా" అన్నాడు.

ఇదివరకు బోర్డు మీద ఇలాంటివి రాశాను. బాయిలరు ఆపరేటరు పోయినప్పుడు, మంటలు ఆర్పి మిల్లును కాపాడాడు అని రాశాను. డ్రైవరు పోయినప్పుడు, వరదలో లారీని ఒడ్డుకు చేర్చాడు అని రాశాను. చదివినవాళ్ళు తలలు ఊపారు.

తడిగుడ్డతో బోర్డు తుడిచి వచ్చి ఇది రాస్తున్నాను. స్టోరు కిటికీలోంచి అది కనిపిస్తోంది. భోజనం బెల్లు కొట్టారు. కొత్త కూలీలు క్యారియర్లు పట్టుకుని దాని ముందు ఆగుతున్నారు. ఏమీ లేకపోయేసరికి ఒకడు వేలితో తడి ముట్టి చూశాడు, చొక్కాకు తుడుచుకుని పోయాడు. వడగాలికి తడి అంచుల నుంచి ఆరుతూ మధ్యకు వస్తోంది.

సాయంత్రం కడప బస్సు. స్టోరు తాళాలు మద్దిలేటికి ఇవ్వాలి. ఆ లోపల బోర్డు మీద రాయాలి, ఆమె వల్ల ఏం జరగలేదో.